రెండో వైపు

అరకులో వాన మొదలైతే ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. అది పైనుంచి పడ్డట్టుండదు, పక్కనుంచి నడిచొచ్చినట్టు ఉంటుంది. ముందు కొండలు కనబడకుండా పోతాయి. తర్వాత కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు. కాసేపటికి ఎదురింటి గుమ్మం కూడా.

అలాంటి ఒక సంత రోజు సాయంత్రం, రిటైరైన ఓ మాస్టారి ఇంట్లో నలుగురం చేరాం. ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కో రికార్డు. ఒకాయనైతే వానకోటు రికార్డుకు తొడిగి, తాను నిలువునా తడిసి వచ్చాడు. "మనిషి తడిస్తే ఆరతాడు. అట్ట తడిస్తే ఇంకేటుంది?" అంటూ తువ్వాలు అడిగి పుచ్చుకున్నాడు.

ఆ కూటానికి పేరంటూ లేదు. అధ్యక్షుడూ లేడు, కార్యదర్శీ లేడు. సంతకు ఎలాగూ దిగుతారు కాబట్టి ఇష్టమైనవాళ్లు తలా ఒక రికార్డు పట్టుకొస్తారు. పకోడీలుంటాయి, కాఫీ ఉంటుంది. కట్టుబాటు మాత్రం ఒక్కటే. తెచ్చినవాళ్లు తమ రికార్డు గురించి ముందుగా ఏమీ చెప్పకూడదు. ఒక వైపు పూర్తిగా అయ్యాకే నోరు విప్పాలి.

చెప్పుకోవడానికి చిన్న నియమమే. పాటించడం మాత్రం కష్టం. మనకు నచ్చిన పాట పక్కవాళ్లకు వినిపిస్తున్నప్పుడు మనం పాట వినం, వాళ్ల మొహాలే చూస్తాం. "ఇప్పుడొస్తుంది చూడండి" అనాలని నాలుక దురద పెడుతుంది. ఆ సంగతి పడ్డచోట వాళ్ల తల ఊగిందా లేదా అని ప్రాణం కొట్టుకుంటుంది. ఊగిందా, ఆ బాణీ మనమే కట్టినంత సంబరం. ఊగలేదా, మన పిల్లకు పెళ్లిచూపుల్లో వంక పెట్టినంత బాధ.

మాస్టారు రికార్డు తీసే తీరు చూసి తీరాలి. అట్టను వంచి, దానంతటదే జారనిస్తారు. అంచులు మాత్రమే రెండు అరచేతుల మధ్య ఆనేలా పట్టుకుని, వేలు గీతల మీద పడకుండా, దీపం వెలుతురుకు ఏటవాలుగా తిప్పి చూస్తారు. వానాకాలంలో ఇక్కడ దేనికైనా బూజు పడుతుంది. బట్టలకు పడుతుంది, పుస్తకాలకు పడుతుంది, మూలనున్న చెప్పులకు పడుతుంది. రికార్డులకు మినహాయింపేమీ లేదు. మెత్తబడ్డ పాత పంచె ముక్కతో, గీతలు వెళ్లే దారినే, గుండ్రంగా తుడుస్తారు. అడ్డంగా ఒక్కసారి కూడా చెయ్యి పోదు.

అప్పుడు ముల్లు దిగుతుంది. ముందు కాస్త కరకర. బయట రేకుల మీద వాన, లోపల రికార్డు మీద వాన. ఏది ఏదో తేలడానికి ఒకటి రెండు క్షణాలు పడుతుంది. ఆ సందులోంచి పాట మొదలవుతుంది.

చెప్పిందే చెప్పేవాళ్లను "అరిగిపోయిన రికార్డు" అని విసుక్కోవడం మనకు అలవాటు. ఆ సాయంత్రం నిజంగానే అరిగిపోయిన రికార్డు ఒకటి విన్నాను. పాటకన్నా చప్పుడే ఎక్కువ. అయినా ఎవరూ ఆపమనలేదు. రికార్డు బీరువాలో ఉంటే అరగదు కదా. ఎందరో అడిగితే, ఎందరికో ఇస్తే, ఏ పెళ్లివారింటికో ఏ పండగ పందిట్లోకో వెళ్లొస్తేనే అరుగుతుంది. ఆ కరకర వింటుంటే, మనకన్నా ముందు విన్నవాళ్లంతా వెనక వరసలో కూర్చుని ఉన్నారనిపించింది.

ఒకప్పుడు రికార్డు వినడమంటేనే నలుగురితో కలిసి వినడం. ఊరికో గ్రామఫోను ఉంటే గొప్ప. అది ఏ కలిగినవారి ఇంట్లోనో ఉండేది. కీ ఇచ్చే కుర్రాడికి ఉన్న హోదా అంతా ఇంతా కాదు. పువ్వులా విచ్చుకున్న బాకా, దాని ముందు చెవి రిక్కించిన కుక్క బొమ్మ. ఆ కంపెనీ అసలు పేరు ఎవరికి కావాలి? "కుక్కబొమ్మ రికార్డు" అంటే చాలు, నాణ్యతకు పూచీ అన్నట్టే.

తర్వాత మైకుసెట్టు వాళ్లు వచ్చారు. పెళ్లింటి వేపచెట్టుకు బాకా కట్టి, తెల్లవారుజామున మొదటి పాట పెట్టేవారు. చుట్టూ రెండు మైళ్ల మేర అందరూ అదే వినాలి. టూరింగ్ టాకీసులో ఘంటసాల గొంతులో వేంకటేశ్వరస్వామి పాట మొదలైందంటే, ఆట వేసే వేళైందని పొలాల్లోంచే అడుగులు వేగం పెంచేవారు. తిరునాళ్లలో రికార్డింగు డాన్సులకు ఆ పేరు తగిలించిందీ ఈ నల్ల పళ్లెమే. రికార్డు పోయినా పేరు మిగిలింది.

ఇప్పుడు తల్చుకుంటే తమాషాగా ఉంటుంది. ఆ పాటల్లో ఏ ఒక్కటీ మనం కొన్నది కాదు. మనింట్లో రికార్డూ లేదు, దాన్ని తిప్పే పెట్టే లేదు. అయినా అవన్నీ మన పాటలే.

అరకు నుంచి అనంతగిరి మీదుగా ఘాట్ దిగి, శృంగవరపుకోట దాటి విజయనగరం వైపు వెళ్తే అంతా పాటల నేలే. అక్కడి సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్. అదే ఏడు అక్కడ వయొలిన్ నేర్పడానికి చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1936లో ఆ పీఠం ఎక్కారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆనాటి రికార్డు ఒక వైపు మహా అయితే మూడు నిమిషాల పైచిలుకు. గంటసేపు విస్తరించగల రాగాన్ని ఆ కాలపు విద్వాంసులు ఆ కాస్త చోటులోకి ఒదిగించారు. అరచేతిలో వైకుంఠం అంటారే, అలాగ.

ఆ కళాశాలలో చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్లలో ఘంటసాల వెంకటేశ్వరరావు ఒకరు. సాలూరి చినగురువుగారుగా పేరొందిన పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు. తిండికి జరుగుబాటు లేక, జోలె పట్టుకుని ఇంటింటా మధూకరం ఎత్తుకున్న రోజులవి. ఒక్కో ఇంట్లో ఒక్కో పిడికెడు. ఏ ఇల్లాలు పెట్టిన ముద్ద ఏ పాటలో కలిసిందో ఎవరికి తెలుసు? ఆ గొంతు తర్వాత రికార్డుల్లోకెక్కి తెలుగువాళ్లున్న ప్రతి ఊరికీ తిరిగి వెళ్లింది. పంచుకున్నది పంచుకున్నవాళ్లకే వడ్డీతో సహా చేరిందనుకోవచ్చు.

ఆ సాలూరు దగ్గరి శివరామపురంలోనే 1922లో సాలూరి రాజేశ్వరరావు పుట్టారు. చిన్నవయసులోనే గ్రామఫోను రికార్డులకు పాడారు. రావు బాలసరస్వతీదేవితో కలిసి ఆయన పాడిన లలితగీతాల రికార్డులు మా తాతల తరానికి ప్రేమలేఖల్లాంటివి. ఆ సాయంత్రం ఆ జంట రికార్డు ఒకటి బయటికొచ్చింది. తెచ్చినాయన పాటైన తర్వాత కూడా ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఆయన దగ్గర ఏదో ఉందని మాత్రం అందరికీ తెలిసింది. ఎవరూ అడగలేదు.

సాలూరుకు అవతల బొబ్బిలి. అక్కడి రాజకుటుంబానికి చెందిన వి.ఎ.కె. రంగారావు పేరు తలవకుండా తెలుగులో రికార్డుల ముచ్చట పూర్తికాదు. ఆయన సేకరించిన 78 రికార్డులే 40,000కు పైగా ఉంటాయంటారు. రాజులు ఏనుగుల్ని, ఆయుధాల్ని కూడబెట్టారు. ఈయన పాటలు కూడబెట్టారు. అయితే కోటలో పెట్టి తాళం వెయ్యలేదు. "విజయచిత్ర" పత్రికలో "ఆలాపన" శీర్షిక రాస్తూ, సభల్లో రికార్డులు వినిపిస్తూ, ఏ పాట ఎవరు పాడారో, ఎవరు రాశారో, ఏ బాణీ ఎక్కణ్నుంచి నడిచొచ్చిందో నలుగురికీ చెబుతూ వచ్చారు. ఎక్కడో జర్మనీలో ఉంటూ పరుచూరి శ్రీనివాస్ పాత రికార్డులు, రేడియో రూపకాలు వెతికి పట్టుకుని "ఈమాట" పత్రిక ద్వారా వినిపిస్తున్నదీ ఈ గుణం వల్లే. దొరికిందాన్ని దాచుకోలేకపోవడం కూడా ఒక బలహీనతేమో. ఉంటే ఉండనీ, మంచి బలహీనతే.

మా మాస్టారికి అంత సంపదేమీ లేదు. ఒక చెక్కబీరువాలో రెండు అరలు. దాని పక్కనే ఒక గీతల పుస్తకం. రికార్డు పేరు, తీసుకున్నవారి పేరు, తీసుకున్న తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ అని నాలుగు గళ్లు. బడిలో హాజరుపట్టీ రాసిన చేతిరాత. తిరగేస్తుంటే నాలుగో గడి చాలాచోట్ల ఖాళీగా కనిపించింది.

"మరి అడగలేదా?" అన్నాను.

"అడిగితే ఇచ్చేస్తారు గదండీ" అన్నారాయన, అదేదో నష్టమైనట్టు.

ఆ ఖాళీ గళ్ల మీద చూపు కాసేపు నిలిచిపోయింది. పుస్తకం అరువిచ్చి పోగొట్టుకోవడం మనందరికీ తెలిసిన బాధే. రికార్డు అరువివ్వడం దానికన్నా గుండెధైర్యం కావలసిన పని. పుస్తకాన్ని ఎలా చదివినా అక్షరం అరిగిపోదు. రికార్డు విన్నకొద్దీ ఎంతో కొంత ఒరుసుకుంటుంది. పాత లక్క రికార్డైతే చెయ్యి జారితే రెండు ముక్కలు. వినైల్‌ది పగలదు గానీ, ఎండలో మరిచిపోతే అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. ఇవన్నీ తెలిసీ ఒకరి చేతిలో పెడుతున్నామంటే, పాటతోపాటు కాస్త నమ్మకం కూడా అట్టలో పెట్టి ఇస్తున్నామన్నమాట.

లక్క అంటే గుర్తొచ్చింది. పాత 78 రికార్డుకు పుట్టిల్లు అడవే. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు కట్టే పొరను అడవి మనుషులు గీకి తెచ్చేవారు. దాన్ని శుద్ధి చేసి, రాతిపొడి, మసి కలిపి, వేడిగా అచ్చొత్తితే రికార్డు. ప్రపంచానికి లక్క ఎక్కువగా వెళ్లింది మన దేశపు అడవుల నుంచే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అది అందక, అమెరికాలో పాత రికార్డులు పోగుచేసి కరిగించి కొత్తవి చేసుకోవలసి వచ్చింది.

ఈ కొండల దిగువన వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రతో బొమ్మలు చేస్తారు. వాటికి ఆ నిగనిగ ఇచ్చేదీ లక్కే. పిల్ల చేతిలో బొంగరమూ, తాత చేతిలో రికార్డూ ఒక్క తల్లి బిడ్డలే. ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి కొమ్మ మీంచి గీకిన లక్క మీద, ఎవరో విద్వాంసుడి రాగం గీతలు గీసుకుంది. పంచుకోవడం అట్ట విప్పాక మొదలైంది కాదు, చెట్టు దగ్గరే మొదలైంది.

వినైల్‌తో చేసిన ఎల్పీలు వచ్చాక లక్క పని తీరిపోయింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పాట. ఆ తర్వాత క్యాసెట్లు, సీడీలు, ఫోన్లు. కొన్నేళ్ల కిందట ఇదే సంతలో గొడుగు కింద లాప్‌టాప్ పెట్టుకుని, మెమరీ కార్డు నిండా పాటలెక్కించే కుర్రాడొకడు ఉండేవాడు. చుట్టూ మూగిన పిల్లలు "అదీ వెయ్యన్నా, ఇదీ వెయ్యన్నా" అంటుంటే, వాడు కూడా వి.ఎ.కె. గారిలాగే ఏ పాట ఏ సినిమాలోదో గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. వస్తువు మారింది గానీ మనిషి మారలేదు.

అందుకే పాతదే గొప్పని గిరి గీయబుద్ధి కాదు. అయినా ఒకటి గమనించాను. ఫోన్లో పాట పంపితే "బాగుంది" అని ఒక బొటనవేలు వస్తుంది. రికార్డు పట్టుకెళ్తే మాత్రం కూర్చోక తప్పదు. ఇరవై నిమిషాలు ఎక్కడికీ కదలరు. నచ్చకపోయినా ముందుకు జరపలేరు. ఒకరికి నచ్చినదాని కోసం మరొకరు ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోవడం అన్నది ఈ రోజుల్లో చిన్న కానుకేమీ కాదు. అమెరికాలో 2022లో సీడీలకన్నా ఎల్పీలే ఎక్కువ అమ్ముడయ్యాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. జనం వెతుక్కుంటున్నది నల్ల పళ్లేన్ని మాత్రమే కాదేమో, కాస్త కూర్చునే వీలును కూడానేమో.

జపానులో ఇలా కూర్చుని వినే కాఫీ హోటళ్లున్నాయి. వాటిని జాజ్ కిస్సాలంటారు. యుద్ధం తర్వాతి కాలంలో విదేశీ రికార్డు కొనాలంటే మామూలు జీతగాళ్లకు తలకు మించిన పని. హోటలు యజమాని కొని పెడితే, కప్పు కాఫీ తాగుతూ అందరూ నిశ్శబ్దంగా వినేవారు. చిత్రమేమిటంటే, అరకు మీదుగా వెళ్లే కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం వేసిందే బైలడిలా ఇనుపరాయిని విశాఖ రేవు నుంచి ఆ జపానుకు పంపడానికి. రాయి అటు వెళ్లింది. కాఫీ కప్పు చేతిలో పట్టుకుని పక్కవాడి రికార్డు వినే అలవాటు మాత్రం ఎవరూ మోసుకురాకుండానే ఈ మాస్టారి వసారాలోకి వచ్చి కూర్చుంది.

ఆ వాన సాయంత్రం గుమ్మం పక్కన ఇంకో మనిషి ఉన్నాడు. పై ఊరి నుంచి సంతకు దిగిన పెద్దాయన. చూరు కింద నిలబడితే మాస్టారే లోపలికి పిలిచారు. ఆయన మోరి వాయిస్తాడట. మోరి అంటే సన్నాయిని పోలిన వాద్యం. ఈ కొండల్లోని థింసా నృత్యం ఆడేటప్పుడు తుడుము, డప్పు, కిరిడి, జోడుకొమ్ములతో కలిసి మోగుతుంది. థింసాలో ఆడవాళ్లు ఒకరి నడుం వెనగ్గా ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా కదులుతారు. చూసేవాళ్లు కూడా ఎక్కువసేపు చూస్తూ ఉండిపోరు. ఏదో ఒక కొసన చెయ్యి కలిపేస్తారు.

ఆ రోజు చివరగా పెట్టింది షేక్ చినమౌలానా నాదస్వరం. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన విద్వాంసుడు. మేమంతా రాగం వింటున్నాం. పెద్దాయన ఇంకేదో వింటున్నాడు. ఆయన బుగ్గలు సన్నగా కదులుతున్నాయి. వేళ్లు మోకాలి మీద ఏవో రంధ్రాలు మూస్తూ తెరుస్తూ ఉన్నాయి. అయ్యాక నియమం ప్రకారం రికార్డు తెచ్చినవాళ్లు మాట్లాడాలి. వాళ్లకన్నా ముందు ఆయనే అడిగాడు.

"ఈ బాబు ఊపిరి ఎక్కడ తీస్తన్నాడు మాస్టారూ?"

మాలో ఎవరికీ జవాబు తెలియదు. ఎన్నేళ్లుగానో వింటున్న రికార్డే. ఆ ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టలేదు. మాస్టారు ఏమీ అనకుండా ముల్లు ఎత్తి మళ్లీ మొదట్లో పెట్టారు. ఈసారి మేమంతా ఊపిరి కోసం విన్నాం. తెలిసిన రికార్డే కొత్త రికార్డైంది.

వలిసెలు పూసి లోయంతా పసుపు ఆరబోసినట్టున్న రోజుల్లో మళ్లీ వెళ్లాను. అదే వసారా, అదే కాఫీ. పెద్దాయన ఈసారి మాకన్నా ముందే వచ్చి ఉన్నాడు. ఒళ్లో గుడ్డలో చుట్టిన పొడవాటిదేదో ఉంది. ఏమిటని ఎవరూ అడగలేదు. ముందుగా అడగకూడదు కదా.

ఒక పాట సగంలో ఉండగా కరెంటు పోయింది. రికార్డు ఉన్నపళంగా ఆగదు. వేగం తగ్గుతూ తగ్గుతూ, ఆడగొంతు మగగొంతై, అది గొణుగుడై, చివరికి ఒక మూలుగై ఆగింది. చీకట్లో ఎవరో చిన్నగా నవ్వారు. పెద్దాయన గుడ్డ విప్పుతున్న అలికిడైంది.

"ఇది ఇంట్లో ఊదేది కాదు మాస్టారూ" అంటూ వాకిట్లోకి నడిచాడు. మేమూ వెనకే వెళ్లాం.

నిజమే, అది నాలుగు గోడల మధ్య పట్టే గొంతు కాదు. మొదటి ఊపిరికే అవతలి ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో పిల్లవాడు పరుగెత్తుకొచ్చి ఆగాడు. ఇక్కడివాళ్ల ఇటుకల పండగకు ఊదే వరసట, తర్వాత తెలిసింది. ఆయన ఆపిన తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు, నియమం గుర్తుండి కాదు.

చివరికి మాస్టారే అడిగారు. "ఏమిటిది పెద్దాయనా, ఎప్పుడూ చెప్పలేదే?"

ఆయన మోరి మూతి పైకండువాతో తుడుస్తూ అన్నాడు. "మొన్న మీ వైపు ఇన్నాం గదా. ఇది రెండో వైపు."

లోపల కరెంటు వచ్చినట్టుంది. ముల్లు ఎత్తడం మాస్టారు మరిచిపోయిన ఆ రికార్డు, ఆగిన చోటు నుంచే మెల్లగా గొంతు సవరించుకుంటోంది.